పొలిమేర తెలుగును విశ్వవిద్యాలయ పాఠ్యప్రణాళికయు

విశ్వవిద్యాలయమున నొక భాషకు ఏర్పఱచిన పాఠ్యప్రణాళిక కేవలము గ్రంథముల పట్టిక యని పలువురు భావింతురు. ఏ కవిని ఏ సంవత్సరమున చదివింపవలెను, ఏ పత్రమునకు ఎన్ని మార్కు లుండవలెను అనుదానితో దాని పని ముగిసిన దని తలంతురు. నిజమునకు అది యొక తీర్పు. పట్టికలో చేరినది సాహిత్యముగా పరిగణింపబడును. చేరనిది ఒకటి రెండు తరములలో మఱపున బడును. పట్టికకు గల ఈ బలమును సురవరము ప్రతాపరెడ్డి గుర్తించినంత స్పష్టముగా గుర్తించినవారు తక్కువ. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్య మను మాట వినబడగా, ఆయన వట్టి వాదముతో సరిపెట్టక 354 మంది కవుల రచనలను సమకూర్చి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించెను. లేరని చెప్పబడిన కవులు ఒక్క సంపుటముతో ఉన్నవారైరి.

ఈ దృష్టితో పరిశీలింపదగిన స్థలములలో చింతకి యొకటి. అది కర్ణాటక రాష్ట్రమున, బీదరు జిల్లాలో, ఔరాదు తాలూకాకు చెందిన గ్రామము. ఆ తాలూకాకు ఒక దిక్కున తెలంగాణము, మఱియొక దిక్కున మహారాష్ట్రము ఎల్లలు. 1956 నవంబరు 1వ తేదీ వఱకు ఈ ప్రాంతమంతయు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ దినమున నాటి బీదరు జిల్లా మూడు తునుకలైనది. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు ప్రాంతములు మైసూరు రాష్ట్రమునకును, నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నిలంగా, అహమ్మదుపురము ప్రాంతములు నాటి బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటక మను పేరు దాల్చినది. 2014లో నారాయణఖేడు, జహీరాబాదులు తెలంగాణ రాష్ట్రములోని వైనవి. ఇన్ని మార్పులు జరిగినను ఎల్లకు ఇరువైపుల ఊళ్లవారికి పెండ్లి సంబంధములు తెగలేదు, సంతలు మాఱలేదు. ఇంట తెలుగు, కచ్చేరిలో కన్నడము, అంగడిలో ఉర్దూ మరాఠీలు మాటాడుట ఇట్టి పొలిమేర గ్రామములలో ఎవరికిని వింత గాదు.

రాజ్యాంగమున 1956లో చేర్చిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలుగునట్లు చూడవలె నని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఆ మాట ప్రాథమిక దశతో ఆగినది. ఆపైన ఏమి కావలె నన్న దానిని అధికరణము చెప్పదు. చెప్పవలసిన పనియు దానికి లేదేమో. కాని బడిలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు ఎక్కడనో తెలుగు చదివి రావలయును గదా. బెంగుళూరు, మైసూరు విశ్వవిద్యాలయములలో తెలుగు శాఖలు వెలసినవి. బీదరు నుండి బెంగుళూరు ఏడువందల కిలోమీటర్లకు దగ్గర. హైదరాబాదు అందులో నాల్గవవంతు దూరమున నున్నను, అది పరరాష్ట్రపు రాజధాని. అచటి ప్రవేశనియమములు వేఱు. 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయమును, 2023లో బీదరు విశ్వవిద్యాలయమును ఏర్పడి ఉన్నతవిద్య జిల్లా వాకిటికి వచ్చినది. ఇప్పుడు ఈ ప్రాంతపు విద్యార్థికి డిగ్రీ తరగతులలో తెలుగు నేర్పదలచినచో ఏమి నేర్పవలె నను ప్రశ్న ఊసుపోకకు వేసిన ప్రశ్న కాదు. దానికి వచ్చు సమాధానమును బట్టియే రేపు చింతకి బడిలో నల్లబల్లయొద్ద నిలుచువాడు ఎవడో, ఉండునో లేడో తేలును.

కన్నడదేశమున తెలుగు చదువునకు పూర్వచరిత్ర లేకపోలేదు. మైసూరు మహారాజా కళాశాలలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దాదాపు నాలుగు దశాబ్దములు తెలుగు బోధించెను. ఆ కళాశాలలోనే ఆచార్యుడై యుండిన కట్టమంచి రామలింగారెడ్డి 1914లో 'కవిత్వతత్త్వవిచారము'ను ప్రకటించెను. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో గాని పుట్టలేదు. దాని తొలి ఉపాధ్యక్షుడు ఈ రామలింగారెడ్డియే. ఆధునిక తెలుగు విమర్శకు మూలమని నేడు అన్ని పాఠ్యప్రణాళికలును పేర్కొను గ్రంథము కన్నడదేశపు కళాశాలలో నున్న వ్యక్తి చేతినుండి వెలువడిన దన్నమాట. ప్రబంధములను ఆయన అంత నిర్మొగమాటముగ తూచగలుగుటకు పండితసభలకు దూరముగ నుండుట కొంత తోడ్పడిన దనిన తప్పుగాదు. దూరమున నున్నవాడు చిన్నవాడే కానక్కఱలేదు.

పాఠ్యప్రణాళికను గూర్చి తెలుగువారిలో జరిగిన మహావివాదము చెన్నపురి విశ్వవిద్యాలయమునకు సంబంధించినది. 1910 తరువాతి సంవత్సరములలో కళాశాల తరగతులలో దేశభాషా వ్యాసరచన ప్రవేశింపగా, ఆ వ్యాసము ఏ తెలుగున నుండవలె నని తగవు పుట్టినది. గిడుగు రామమూర్తి 1913లో ఆధునిక తెలుగును సమర్థించుచు విజ్ఞాపనపత్రము ప్రకటించెను. జయంతి రామయ్య గ్రంథభాషా పక్షమున నిలిచెను. గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతిపత్రమును సమర్పించెను. నాటి వాదములలో నిజాయితీయు విద్వత్తును ఉభయపక్షములకును కలవు. కాని ఒక సంగతి గమనింపదగినది. విద్యార్థి ఎట్లు వ్రాయవలె నన్నదానిపై వందల పుటలు వెలువడెను గాని, విద్యార్థి ఎచ్చటినుండి వచ్చుచున్నాడు, అతడు తనతో తరగతిలోనికి ఏమి తెచ్చుచున్నాడు అను విచారణ అరుదయ్యెను. ఆ లోపము నేటికిని తీరలేదు.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు పాఠ్యప్రణాళిక కూర్చునపుడు తఱచుగా కానవచ్చు పద్ధతి ఒకటి కలదు. హైదరాబాదుదో వాల్తేరుదో ఒక ప్రణాళికను ముందిడుకొందురు. గంటలు చాలవు గావున కొంత కత్తిరింతురు. కత్తెర మొదట పడునది శాసనములపైన; పిదప జానపదముపైన; ఆపైన భాషాశాస్త్రముపైన. మిగులునది యుగవిభాగముతో కూడిన సాహిత్యచరిత్ర, ప్రాచీనకావ్యములనుండి నాలుగైదు ఘట్టములు, 'బాలవ్యాకరణము'లోని కొన్ని పరిచ్ఛేదములు, ఆధునికకవితలు పది, ఒక నవల. ఇది పెద్దవాని అంగీని కుదించి చిన్నవానికి తొడిగినట్లున్నది. కొలత తీసి కుట్టినది కాదు. పొలిమేర విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడు భాగములే ముందు కత్తెరకు బలియగుచున్నవి.

చింతకి విద్యార్థి కన్నడము చదువగలడు. పాఠశాలలో కన్నడము నేర్చుట కర్ణాటకమున శాసనబద్ధమైనది. 2015 నాటి కన్నడభాషాభ్యసన చట్టమును 2017-18 విద్యాసంవత్సరము నుండి అమలుపఱచుచున్నారు. కొందఱు దీనిని తెలుగునకు కలిగిన నష్టముగా మాత్రమే లెక్కింతురు. గంటల లెక్కలో అది నిజమే కావచ్చును. కాని విశ్వవిద్యాలయపు మెట్టున నిలిచి చూచిన, వరంగల్లులోనో రాజమహేంద్రవరములోనో చదువుకొను విద్యార్థికి లేని ఒక సంపద ఇతనికి కలదు. తెలుగు సాహిత్యమున సగపాలు చిక్కుముడులు విప్పుటకు కన్నడము కావలయును. ఆ కన్నడము ఇతనికి ముందే వచ్చియున్నది. దానిని వాడుకొనని పాఠ్యప్రణాళిక యింటిలో ధాన్యముంచుకొని అప్పునకు పోవువాని వంటిది.

పాల్కురికి సోమనాథుని 'బసవపురాణము'తో మొదలుపెట్టవచ్చును. బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున దండనాయకుడై యుండిన కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమే. చింతకి విద్యార్థికి అది తన జిల్లాలోని తాలూకా పట్టణము. బస్సులో పోయి వచ్చు ఊరు. ఆ ఊరి కథను పురాణముగ కూర్చినవాడు తెలుగు కవి. సోమనాథుని తెలుగు ద్విపదను 1369లో భీమకవి కన్నడ షట్పదిలోనికి తెచ్చెను. కన్నడదేశమున జరిగిన చరిత్ర తెలుగున కావ్యమై, తెలుగునుండి తిరిగి కన్నడమునకు పోయినది. ఇట్టి రాకపోకలు గల కావ్యము తెలుగున మఱియొకటి చూపుట కష్టము. ఇదంతయు సాహిత్యచరిత్ర పుస్తకములలో రెండు పంక్తులలో కలదు. రెండు పంక్తులుగనే బట్టీపట్టబడుచున్నది.

సాధారణముగా పాఠ్యప్రణాళికలలో సోమనాథుని నుండి ఒక్క కథ, బెజ్జమహాదేవిదో గొడగూచిదో, ప్రతిపదార్థములతో చదివించి విడిచిపెట్టుదురు. ఆ కథలు మనోహరములే. కాని పొలిమేర ప్రణాళికలో ఈ గ్రంథమునకు ఒక పూర్తి పత్రమును కేటాయించుట అన్యాయము కాదు. ఏడాశ్వాసములను చదివింప నక్కఱలేదు. కల్యాణమునకు సంబంధించిన ఘట్టములను, మడివాలు మాచయ్య, కిన్నర బ్రహ్మయ్య వంటివారి కథలను తీసికొని, అవే కథలు భీమకవిలో ఎట్లున్నవో పక్కపక్కన పెట్టి చదివింపవలెను. తెలుగు ద్విపద రెండు పాదములతో పరుగెత్తుచుండగా కన్నడ షట్పది ఆఱు పాదముల మజిలీలతో నడచును. ఒకే కథ రెండు నడకలలో ఏమగుచున్నదో విద్యార్థి స్వయముగా కనుగొనగలడు. ఛందస్సును గురులఘువుల లెక్కగా గాక కథనమునకు కాలుసేతులుగా గ్రహించుటకు ఇంతకు మించిన పాఠము దొరకదు. ద్విపదను చిన్నచూపు చూచిన పండితసంప్రదాయమును గూర్చియు ఇచ్చటనే చెప్పవచ్చును. పిడుపర్తి సోమనాథుడు ఇదే పురాణమును మరల పద్యకావ్యముగ వ్రాయవలసివచ్చె ననుట ఆ చిన్నచూపునకు సాక్ష్యము.

కల్యాణమునకు సంబంధించిన రెండవ గ్రంథము పాఠ్యప్రణాళికలలో పేరునకు మాత్రమే మిగిలినది. కల్యాణచాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి 'మితాక్షర' యను వ్యాఖ్య రచించెను. వంగదేశము మున్నగు కొలది ప్రాంతములు తప్ప భారతదేశమున హిందువుల దాయభాగమునకు శతాబ్దములపాటు ప్రమాణమైన గ్రంథ మది. దానిని ఆధారముగ గొని 13వ శతాబ్దమున మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరము'ను తెలుగు పద్యములలో వెలయించెను. ఆచారము, వ్యవహారము, ప్రాయశ్చిత్తము అని దానికి మూడు కాండములు. కేతన తిక్కనకు 'దశకుమారచరిత్రము'ను అంకితము చేసినవాడు. తెలుగునకు తెలుగు పద్యములలో తొలి వ్యాకరణమైన 'ఆంధ్రభాషాభూషణము'ను కూర్చినవాడు. ఆయనను కథాకావ్యకర్తగా మెచ్చుకొని, వ్యాకర్తగా పేర్కొని, ధర్మశాస్త్రానువాదకునిగా మఱచుట రివాజైనది.

వ్యవహారకాండమును సాహిత్యవిద్యార్థి ఏల చదువవలె నని ప్రశ్నింపవచ్చును. ఏడువందల యేండ్లక్రిందట న్యాయవిషయములను తెలుగున చెప్పుటకు ఒక కవి ఏ మాటలను ఎన్నుకొనెనో, ఎక్కడ సంస్కృతమును విడువజాలకపోయెనో తెలిసికొనుటకు చదువవలెను. పొలిమేర గ్రామమున ఈ ప్రశ్న చచ్చినది కాదు. ఎల్లకు ఇరువైపుల రైతులు నేటికిని 'పహాణి' యనియే వ్యవహరించు భూమిపత్రము కర్ణాటకమున కన్నడలిపిలోను, తెలంగాణమున తెలుగులిపిలోను వెలసినది. మాట మాత్రము నిజాము కచ్చేరిది. డిగ్రీ తెలుగు చదివిన కుఱ్ఱవాడు ఊరివానికి ఆ కాగితమును తెలుగున చదివి చెప్పలేనిచో, ఊరివాడు ఆ డిగ్రీని ఏ కంట చూచునో ఊహింపవచ్చును. అనువాదమునకు ఒక పత్రము ఏర్పఱచి, కేతనతో ప్రారంభించి, పహాణితోను ఒక కన్నడకథతోను ముగించినచో అది కృతక మనిపించుకొనదు.

'క్రీడాభిరామము' సంగతి కొంచెము చోద్యముగ నుండును. ఈ వీథిరూపకము తఱచుగా పాఠ్యముగ నుండునదే. కాని తరగతిగంటలలో హెచ్చుభాగము దీనిని వినుకొండ వల్లభరాయడు వ్రాసెనా, శ్రీనాథుడు వ్రాసెనా యను తగవులో గడచిపోవును. కర్తృత్వవిచారము అవసరమే, రెండు గంటలు చాలును. మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలో తిరుగుచు మైలారదేవుని వీరభటుల సాహసములను చూతురు. గొరగపడుచు ఆటను చూతురు. కోస్తా విద్యార్థికి 'గొరగ' యనునది నిఘంటువున వెదకి వ్రాసికొను మాట. కన్నడదేశమున మైలారలింగని భక్తులకు గొరవయ్య లనియే పేరు. జాతరలలో కంటికి కానవచ్చు మనుష్యులు వారు. బీదరు జిల్లా భాల్కి తాలూకాలో ఖానాపురమున మైలారమల్లన్న గుడి కలదు. తెలంగాణమున కొమురవెల్లి, అయినవోలు మల్లన్నల కథను ఒగ్గువారు పాడుదురు. దేవు డొకడే, పాట భాష మాఱినది, చేతివాద్యము మాఱినది. పొలిమేర విద్యార్థికి ఈ ఘట్టమును బోధించుట యన ఉన్నదానిని ఉన్నదానితో కలిపి చూపుటయే. అతడు మైలారపు జాతరకు పోయి చూచినదానిని, విన్నదానిని వ్రాసి తెచ్చినచో, 'క్రీడాభిరామము'నకు మన వ్యాఖ్యాతలు చేయలేని వ్యాఖ్య అందులో కొంత దొరకవచ్చును. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయములపై పరిశోధన చేసి జానపదమునకు పీట వేసి అఱువది యేండ్లు దాటినది. ఇంకను అది ఐచ్ఛికపత్రముగనే మిగులుట శోచనీయము.

శాసనముల విషయమున వాదమే అక్కఱలేదు. తెలుగు కన్నడ లిపులు చిరకాలము ఒక్కటియే. కరీంనగరము సమీపమున కుర్క్యాల బొమ్మలమ్మగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు వేయించిన శాసనమున సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. అందలి తెలుగు కందపద్యములు నన్నయకు పూర్వపువి. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి ఆశ్రయమున 'విక్రమార్జునవిజయము'ను రచించెను. కన్నడపు తొలి భారతము తెలుగుగడ్డపై పుట్టినది. తెలుగుభారతమునకు నన్నయ పూనుకొనునప్పటికి దానికి నూఱేండ్లకు పైబడిన వయస్సు. పంపభారతమున ఒక ఘట్టమును, నన్నయ ఆదిపర్వమున అదే ఘట్టమును ఒకే వారమున చదువగల విద్యార్థులు దేశమున ఎక్కడ కలరు? కర్ణాటకపు తెలుగు విద్యార్థులలో కలరు. వారికి ఆ అవకాశము నీయక, హైదరాబాదు విద్యార్థివలెనే పంపని పేరును మాత్రము చెప్పి విడుచుట తెలివియైన పని గాదు.

పంపని కన్నడము హళగన్నడము గావున కష్టమగు నందురు. ఇచ్చట ఒక చిత్రము కలదు. నేటి కన్నడమున హకారమైన పదాదివర్ణము హళగన్నడమున పకారముగ నుండెను. పాలు హాలైనది, పులి హులియైనది, పూవు హూవైనది. పొలములో తెలుగువాడు పెసర యనునది కన్నడిగునకు హెసరు. ఇంట తెలుగు మాటాడు బాలునకు హళగన్నడపు పకారము పరాయిది కాదు. తన యింటి ధ్వనియే. ఈ ఒక్క సూత్రమును కంది, పెసర, మినుము, జొన్న పండించు ఊరిలో ధాన్యపు పేళ్లతో బోధించినచో, ద్రావిడభాషల పరస్పరసంబంధము అతనికి పుస్తకములోని పటము గాక నిత్యానుభవ మగును. అన్ని పేళ్లును ఇట్లు కలియవు. కంది కన్నడమున తొగరి. కలియనివి ఏల కలియవో అడుగుట అంతకన్న మంచి పాఠము.

దీనిని బట్టియే విద్యార్థి మాటాడు తెలుగు ప్రసక్తి వచ్చును. అసలు చిక్కంతయు ఇందే యున్నది. పొలిమేర తెలుగున ఉర్దూ మాటలు, మరాఠీ మాటలు, కన్నడపు కాకువు ఉండును. దానిని తరగతిలో 'కల్తీ' యనుట పరిపాటి. మాట విప్పగానే తప్పుదిద్దబడు విద్యార్థి పిదప మాట విప్పుట మానును. మూడేండ్లలో పాఠ్యపుస్తకపు తెలుగును సగము నేర్చి, ఇంటి తెలుగునకు సిగ్గుపడుట పూర్తిగ నేర్చును. అతడే ఉపాధ్యాయుడై తిరిగివచ్చి అదే సిగ్గును తన శిష్యులకు పంచును.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వెలువడిన 'మాండలిక వృత్తిపదకోశము' తొలి సంపుటము వ్యవసాయపదములది. ఆంధ్రప్రదేశపు జిల్లాలలో తిరిగి, రైతుల నడిగి, సేకరించిన పదము లవి. తెలుగువారు గర్వింపదగిన పని. అయితే ఆ సేకరణకు రాష్ట్రపు ఎల్లయే ఎల్ల. 1956లో ఆ ఎల్ల చింతకికి ఆవల నిలిచినది గావున చింతకి రైతు నాగలికి, గొఱ్ఱుకు, కళ్లమునకు వాడు మాటలు ఆ కోశమున చేరలేదు. సంపాదకుని తప్పు ఇందేమియు లేదు. మిగిలినదానిని పూరింపగలవారు పొలిమేర విద్యార్థులే. ప్రతి విద్యార్థియు తన యూరి యందు ఒక వృత్తిని గైకొని, ఆ వృత్తివారి పదములను, ఎవరు చెప్పిరి, ఏ సందర్భమున చెప్పిరి అను వివరములతో వ్రాసి తెచ్చుట డిగ్రీ తుదిసంవత్సరమున ఒక పూర్తి పత్రముగ నుండవలెను.

బహుభాషాగ్రామములు శాస్త్రమునకు పనికిరాని కలగూరగంప లని తలంచువారు గంపర్జ్, విల్సన్ అను పండితులు 1971లో ప్రకటించిన వ్యాసమును తెలిసికొనుట మేలు. మహారాష్ట్రమున సాంగ్లీ సమీపమునగల కుప్వాడు గ్రామములో కన్నడము, మరాఠీ, ఉర్దూ తరతరములుగ కలిసి బ్రతుకుటచే వాని వాక్యనిర్మాణము లెట్లు ఒండొంటికి చేరువైనవో, పదములు మాత్రము ఎట్లు వేఱుగ నిలిచినవో వారు నిరూపించిరి. ఆ యూర తెలుగు మాటాడువారు కొలదిమందియే. ప్రపంచమందలి భాషాశాస్త్ర తరగతులలో ఆ పల్లె పేరు నేటికిని వినబడుచున్నది. అదే నాలుగు భాషలు బీదరు జిల్లాలోను కలవు. ఇచ్చట తెలుగు పాలు అంతకన్న హెచ్చు. అమెరికాలోని విద్యార్థి కుప్వాడును చదువుచుండగా, ఔరాదు విద్యార్థి తన యూరిని చదువకుండుట ఏమి న్యాయము?

ఈ సూచనలకు వచ్చు ఆక్షేపణలలో ఒకటి బలమైనది. జాతీయస్థాయిలో అధ్యాపకార్హత పరీక్ష యొక్కటియే. దానికి తెలుగు పాఠ్యాంశము దేశమంతటికిని సమానము. పొలిమేర విద్యార్థిని మైలారపు జాతరకు, పెసరచేలకు త్రిప్పి, ప్రబంధములలోను వ్యాకరణములోను వెనుకబడనిచ్చినచో అతని బ్రతుకుతెరువునకే మోసము. ఈ భయమును తేలికగ తీసివేయుట తగదు. చదువు ఉద్యోగమునకు గాదని పలుకువారు సాధారణముగ ఉద్యోగములో నున్నవారే. కావున నన్నయ, తిక్కన, పోతనలను, ఒక ప్రబంధమును, 'బాలవ్యాకరణము'ను, గురజాడ మొదలు నేటివఱకు ఆధునికసాహిత్యమును ఏ విశ్వవిద్యాలయమునకు తీసిపోని విధమున చదివింపవలసినదే. తగ్గింపదగిన వేఱు కొన్ని కలవు. కవికాలనిర్ణయ వివాదములు తగ్గవచ్చును. ప్రబంధములు మూడు నాలుగు చోట్ల ముక్కలుగ గాక ఒక్కటి సమగ్రముగ నుండవచ్చును. 'కళాపూర్ణోదయము'ను ఎన్నుకొన్నచో రామలింగారెడ్డి విమర్శయు తోడుగ వచ్చును. ఒకే సాహిత్యచరిత్రను ప్రథమసంవత్సరమున సంగ్రహముగను, తృతీయసంవత్సరమున విపులముగను రెండుమాఱులు చెప్పుట మానవచ్చును. ఇంతమాత్రమునకే రెండు పత్రముల కాలము మిగులును. పై సూచనలకు అది చాలును.

రెండవ ఆక్షేపణ అధ్యాపకులను గూర్చినది. పంపని, నన్నయను కలిపి చెప్పగలవా రేరి? ఒక్కరు దొరకుట కష్టమే. కాని ప్రతి కళాశాలయందును కన్నడశాఖ కలదు. వారమున కొక గంట కన్నడాధ్యాపకుడు తెలుగు తరగతికి వచ్చినచో సరిపోవును. తెలుగు అధ్యాపకుడు కన్నడ తరగతిలో సోమనాథుని గూర్చి చెప్పుట దానికి బదులు. తెలుగు కన్నడములు రెండును 2008లో ప్రాచీనభాషాప్రతిపత్తి పొందినవి. ఆ గౌరవమునకు చూపిన ఆధారములలో శాసనములు ముఖ్యములు. ఆ శాసనములను తరగతిలో చదివించుట మాత్రము ఇంకను వెనుకబడియే యున్నది.

మిగిలినది పరీక్ష. మన పరీక్షల స్వభావమును తెలుపుటకు పుట్టపర్తి నారాయణాచార్యుల సంగతి చాలును. ఆయన బాల్యమున వ్రాసిన 'పెనుగొండలక్ష్మి' విద్వాన్ పరీక్షకు పాఠ్యమై యుండగా ఆ పరీక్షకు కూర్చున్నవారిలో ఆయనయు ఒకడు. కవి యెదుట కూర్చున్నను ప్రశ్నపత్రము అతనిని ఎఱుగదు. పొలిమేర పదసేకరణ పుస్తకములకును అదే గతి పట్టవచ్చును. బయటినుండి వచ్చు పరీక్షకుడు రైతు నోటినుండి వచ్చిన మాటను అక్షరదోష మని యెఱ్ఱసిరాతో గీత గీయును, మార్కులు తగ్గును, మఱుసటి యేడు విద్యార్థులు ఊరికి పోక, నిఘంటువు చూచి పదములను వ్రాసి తెత్తురు. కావున ఈ పత్రమునకు సంబంధించిన నియమమును అధ్యాపకుల ఉదారతకు విడువక, పాఠ్యప్రణాళికలోనే అచ్చు వేయవలెను: చెప్పినవారి యూరు, వయస్సు, వృత్తి, సేకరించిన తేదీ పేర్కొనబడిన పదమును విన్నది విన్నట్లు వ్రాసినచో దానిని దోషముగ పరిగణింపరాదు, ఈ వివరములు లేక నిఘంటురూపమునకు దిద్ది వ్రాసినచో దానికి మార్కు లేదు.